వెచ్చదనం ముందు, మేత తర్వాత

సభకు నమస్కారం.

ఒక పెంపుడు జంతువుల దుకాణంలో నెలల తరబడి ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన లెపర్డ్ గెకో అనే బల్లి జాతి ప్రాణిని నేను ఇంటికి తెచ్చిన రాత్రి వంటింటి త్రాసు మీద పెడితే అది 19 గ్రాములు తూగింది. మూతి నుంచి తోక కొస దాకా సుమారు 20 సెంటీమీటర్లు ఉన్న ప్రాణి అది. ఎదిగిన గెకో ఆరోగ్యంగా ఉంటే సాధారణంగా 45 నుంచి 80 గ్రాముల మధ్య ఉంటుంది. చూసిన వారెవరైనా ముందు అనే మాట ఒక్కటే: పాపం, దానికి ఏదైనా తినడానికి పెట్టండి. నా మనసూ అదే అన్నది. ఆ రాత్రి దానికి నేను ఏమీ పెట్టలేదు. అలా ఎందుకు పెట్టకూడదో, ముందు ఏమి చేయాలో చెప్పడమే నా ప్రసంగం ఉద్దేశం.

ముందు ఈ జీవి ఎటువంటిదో తెలియాలి. అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతదేశాల్లోని పొడి రాతినేలలు దీని స్వస్థలం. 1854లో ఎడ్వర్డ్ బ్లైత్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. మన ఇంటి గోడల మీది బల్లికి ఇది దూరపు చుట్టమే అయినా దీని తీరు వేరు. గోడ బల్లికి కదిలే కనురెప్పలు లేవు, దీనికి ఉన్నాయి. కళ్ళు మూసుకుని నిద్రపోతుంది. గోడ బల్లి వేళ్ళకుండే అతుక్కునే మెత్తలు దీనికి లేవు, గోళ్ళు ఉన్నాయి, నేల మీదే నడుస్తుంది. దీని తోక కొవ్వు నిల్వ చేసుకునే గాదె. ఆరోగ్యంగా ఉన్న గెకో తోక లావుగా, మెడ కంటే తక్కువ కాకుండా ఉంటుంది. నేను తెచ్చిన దాని తోక ఎండిన చిక్కుడుకాయలా ముడతలు పడి, లోపలి ఎముకల వరుస పైకి కనిపిస్తూ ఉండేది.

దుకాణంలో దానికి జరిగినది క్రూరత్వం అని నేను అనను. తెలియకపోవడం, తెలుసుకోవాలన్న పట్టింపు లేకపోవడం రెండూ కలిసి చేసిన పని అది. ఎడారి జీవి అనుకుని గాజు తొట్టి నిండా ఇసుక పోశారు. నిజానికి ఇవి పగలంతా రాతి పగుళ్ళలో, బొరియల్లో తలదాచుకుంటాయి. బయట నేల మాడిపోతున్నా ఆ సందుల్లో కొంత చెమ్మ ఉంటుంది, ఆ చెమ్మే వాటి కుబుసం సరిగ్గా ఊడి రావడానికి ఆధారం. ఆ తొట్టిలో దాక్కోవడానికి చోటు లేదు, చెమ్మ లేదు, నీటి గిన్నె ఎండిపోయి ఉంది. పైన ఒక దీపం పగలూ రాత్రీ వెలుగుతూ ఉండేది. అదే తొట్టిలో మరో పెద్ద గెకో ఉండి, వేసిన మేతను ముందుగా అందుకునేది. దీనికి మిగిలినవి తొట్టి మూలల్లో దాగిన కీచురాళ్ళు; ఆకలి మీద ఉన్న కీచురాళ్ళు నీరసించిన గెకోను కొరుకుతాయని చాలా మందికి తెలియదు. దాని పొట్ట పక్కన, కాళ్ళ మీద ఆ కొరికిన గాట్లు ఉన్నాయి.

ఇక్కడ ఒక సందేహాన్ని దాటవేయలేను. ఇటువంటి ప్రాణిని డబ్బు ఇచ్చి కొనడం కాపాడటం అవుతుందా? మనం చెల్లించిన సొమ్ముతో ఖాళీ అయిన తొట్టిలోకి మరో గెకో వస్తుంది, దానికీ ఇదే గతి పడుతుంది. కాబట్టి నేను కొనలేదు. రెండు సార్లు వెళ్ళి, కోపం చూపకుండా, దాని పరిస్థితిని యజమానికి వివరించి, ఇక ఇది అమ్ముడుపోయే స్థితిలో లేదని ఆయనే ఒప్పుకున్నాక ఉచితంగా అడిగి తెచ్చుకున్నాను. ప్రతి చోటా ఇది సాధ్యపడదు. ఇవ్వనన్న చోట జంతు సంరక్షణ అధికారులకు ఫిర్యాదు చేయడమే సరైన దారి అని నా అభిప్రాయం, ఆ దారి నిదానంగా సాగుతుందని, ఈలోగా ఆ ప్రాణి చనిపోవచ్చునని తెలిసి కూడా.

ఇప్పుడు మొదటి రాత్రి సంగతి. సరీసృపాలు తమ ఒంటి వేడిని లోపల తయారు చేసుకోలేవు, చుట్టూ ఉన్న చోటు నుంచి తీసుకుంటాయి. ఒళ్ళు చల్లగా ఉంటే జీర్ణరసాలు పని చేయవు, పేగులు కదలవు; మింగిన పురుగు కడుపులోనే కుళ్ళుతుంది. అందువల్ల ముందు వెచ్చదనం. తొట్టిలో ఒక వైపు నేల 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిచేటట్లు అడుగున హీట్ మ్యాట్ అనే వేడి పరుపు పెట్టి, దాన్ని వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌కు కలిపాను. థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ గెకో పొట్టను కాల్చివేయగలదు, ఈ ఒక్క ఖర్చులో మాత్రం వెనుకాడకండి. రెండో వైపు 25 డిగ్రీల దగ్గర ఉంచాను. వేడి ఎక్కువైనప్పుడు చల్లని వైపుకు, చలి వేసినప్పుడు వెచ్చని వైపుకు వెళ్ళే స్వేచ్ఛ దానికి ఉండాలి. ఇసుక బదులు కాగితపు తువ్వాళ్ళు పరిచాను. అది ఏమి విసర్జించిందో, విసర్జించిందో లేదో వాటి మీద స్పష్టంగా కనిపిస్తుంది. మూడు గూళ్ళు పెట్టాను: వెచ్చగా ఒకటి, చల్లగా ఒకటి, తడి నాచు పరిచినది ఒకటి.

వెచ్చదనం తర్వాత నీరు. కళ్ళు లోపలికి పోయి, చర్మం మడత పడితే మళ్ళీ సర్దుకోవడానికి చాలాసేపు పడుతున్నదంటే ఒంట్లో నీరు ఇంకిపోయిందని అర్థం. గోరువెచ్చని నీటిని దాని పాదాలు మునిగేంత లోతు పోసి పది నిమిషాలు నిలబెట్టాను. మూతి కొన మీద ఒక్కొక్క చుక్క వేస్తే నాలుకతో నాకింది. ఆ రాత్రికి అంతే.

మేత ఆపడానికి ఇంకో కారణం ఉంది, ఇది మనుషుల వైద్యంలో కూడా తెలిసినదే. చాలా కాలం పస్తున్న శరీరానికి ఒక్కసారిగా ఆహారం అందితే, కణాలు రక్తంలోని భాస్వరాన్ని, పొటాషియాన్ని హఠాత్తుగా లోపలికి లాక్కుంటాయి; రక్తంలో అవి పడిపోయి గుండె దెబ్బతినవచ్చు. ఆకలితో కాదు, ఆకలి తీర్చబోయిన తొందరతో ప్రాణం పోతుంది.

మర్నాడు సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యురాలి దగ్గరికి తీసుకుపోయాను. ఎక్స్‌రేలో ఎముకలు తెల్లగా స్పష్టంగా కనిపించవలసిన చోట పొగమంచులా కనిపించాయి. కింది దవడ వేలితో తాకితే రబ్బరులా వంగింది. ఎడమ ముంగాలు వంకర తిరిగింది. ఇది కాల్షియం లోటు వల్ల వచ్చే ఎముకల వ్యాధి. దుకాణాల నుంచి వచ్చే గెకోల్లో తరచుగా చూస్తాము. కీచురాళ్ళు, మీల్‌వార్మ్‌ల వంటి మేత పురుగుల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. గెకోకు కావలసిన పాళ్ళు దాదాపు దీనికి తలకిందులు, భాస్వరం ఒక వంతుకు కాల్షియం రెండు వంతులు. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడల్లా పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల నుంచి తీసి రక్తానికి ఇస్తుంది. కండరాలు కదలాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా కాల్షియం కావాలి కాబట్టి శరీరం తన ఎముకలను కరిగించుకుని రోజులు వెళ్ళదీస్తుంది. పేగులు కాల్షియాన్ని పీల్చుకోవడానికి విటమిన్ డి3 కావాలి, అదీ దానికి అందలేదు. తొట్టిలోని ఇసుకను అది నాకుతూ ఉండేదని యజమాని చెప్పాడు. కాల్షియం కోసం వెతుకులాటే అది కావచ్చునని వైద్యురాలు అన్నారు. అదృష్టం, పేగులో అడ్డుపడేంత ఇసుక ఎక్స్‌రేలో కనిపించలేదు.

వైద్యురాలు ద్రవరూపంలో కాల్షియాన్ని, దాని బరువుకు లెక్కగట్టి, చుక్కల్లో ఇచ్చారు. డి3 ఎక్కువైతే మూత్రపిండాలు, రక్తనాళాలు గట్టిపడతాయి, అందుకని లోటు ఉందని తెలిసినా ఎవరికి వారు మోతాదు పెంచుకోరాదు. మలపరీక్షలో సూదిపురుగులు కనిపించాయి. వాటికి మందు ఉంది. క్రిప్టోస్పోరిడియం అనే పేగు పరాన్నజీవి కనిపించలేదు. తోక పుల్లలా ఎండిపోవడానికి ఆ క్రిమి కూడా కారణం కాగలదు, అది సోకితే నమ్మకంగా నయం చేసే మందు లేదు. ఒక్క పరీక్షలో కనిపించనంత మాత్రాన లేదనుకోలేము, ఎందుకంటే అది మలంలో విడతలు విడతలుగా మాత్రమే బయటపడుతుంది. కాబట్టి మూడు నెలలు వేరే గదిలో, వేరే పట్టకారుతో, వేరే గిన్నెలతో ఉంచి, మధ్యలో మరో రెండు సార్లు పరీక్ష చేయించాను. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సరీసృపాలు పైకి ఆరోగ్యంగా ఉన్నా మనుషులకు జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోస్తూ ఉండవచ్చు, పసిపిల్లలున్న ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు.

వేళ్ళ సంగతి నన్ను ఎక్కువగా బాధపెట్టింది. ఊడని కుబుసం పొర మీద పొరగా వేళ్ళ చుట్టూ బిగుసుకుని, ఉంగరం బిగిసినట్లు రక్తాన్ని ఆపివేస్తుంది. దాన్ని గోటితో లాగితే వేలు కూడా ఊడి వస్తుంది. గోరువెచ్చని తడి గుడ్డ మీద పావుగంట ఉంచి, దూది చుట్టిన పుల్లను తడిపి ఒక్కొక్క వేలినీ దొర్లిస్తూ, వచ్చినంత తీసి, రానిది మర్నాటికి వదిలేశాను. ఇలా తొమ్మిది రోజులు పట్టింది. రెండు వేళ్ళు అప్పటికే నల్లబడిపోయాయి. అవి వాటంతట అవే రాలిపోయాయి.

నాలుగో రోజున మేత మొదలయింది. మాంసాహార జీవుల కోసం తయారైన ఆహారపు పొడిని వైద్యురాలు ఇచ్చారు; దాన్ని నీటిలో కలిపి, మూతి మీద రెండు చుక్కలు వేయడం, నాకినంత నాకనివ్వడం, రోజుకు ఒక్కసారి. రెండో వారంలో తల తీసిన చిన్న కీచురాయి, కాల్షియం పొడి అద్ది, ఒకటి. కీచురాళ్ళకు కూడా ముందు రోజు ఆకుకూర పెట్టేవాడిని, పురుగు కడుపులో ఉన్నదే గెకోకు అందుతుంది కనుక. దవడ మెత్తగా ఉన్నందున గట్టి పెంకు గల పురుగులు వద్దన్నారు. ఐదో వారానికి అది పట్టకారు చూసి తోక ఊపడం మొదలుపెట్టింది. ఆ సంబరంలో నేను ఒక రోజు నాలుగు మీల్‌వార్మ్‌లు పెట్టాను. తెల్లవారేసరికి నాలుగూ కక్కేసి, చల్లని గూటిలో కళ్ళు మూసుకుని పడి ఉంది. మళ్ళీ వారం రోజులు నీరు, చుక్కల మేత, వెచ్చని గూడు, అంతా మొదటి నుంచి. నా ఆనందం కోసం దాని కడుపు మీద వేసిన బరువు అది. ఈ తప్పును మీకు చెప్పడానికి సంకోచించడం లేదు, ఎందుకంటే కోలుకుంటున్నట్లు కనిపించే ఆ రోజుల్లోనే మన జాగ్రత్త సడలుతుంది.

రోజూ తూచడం కూడా మానేశాను. తీసి త్రాసు మీద పెట్టిన ప్రతిసారీ అది బెదిరేది, బెదిరిన రోజు తినేది కాదు. వారానికి ఒకసారి, ఒకే పూట, అది కాలు పెట్టగలిగే డబ్బాతో సహా తూచి పుస్తకంలో రాసేవాడిని. మొదటి నెలలో 19 గ్రాములు 22 అయ్యాయి. మూడో నెల చివరికి 31. ఎనిమిదో నెలలో 48 దాటింది.

ఇప్పుడు దాని దవడ గట్టిపడింది. ఎడమ ముంగాలు వంకర మాత్రం పోలేదు, పోదు కూడా. అలా అతికిన ఎముక తిరిగి నిటారు కాదు. పరిగెత్తే కీచురాయిని వేటాడబోతే గురి తప్పి పక్కకు ఒరిగిపోతుంది, అందుకని నున్నని అంచుల గిన్నెలో మేత వేస్తాను. గెకోలు 15 నుంచి 20 ఏళ్ళు బతుకుతాయి, దీని వయసు ఎంతో చెప్పగలిగిన వారు లేరు. పోయిన నెల రాత్రి పదకొండు గంటలప్పుడు దాని ఒళ్ళంతా పాలిపోయినట్లు తెల్లబడింది. తడి గూటిలోకి వెళ్ళి, మూతిని రాతికి రుద్ది, ముఖం మీది పొరను వదిలించుకుని, మిగిలినదాన్ని నోటితో పట్టి లాగి, చొక్కా విప్పినట్లు విప్పి, ముక్క మిగల్చకుండా తినేసింది. ఉదయం భూతద్దం పెట్టి మిగిలిన వేళ్ళన్నీ ఒక్కొక్కటిగా చూశాను. ఏ వేలి మీదా పొర మిగలలేదు.