ఫ్రేము కొనేముందు అది విరిగే తీరు తెలుసుకోండి

మిత్రులందరికీ నమస్కారం.

గ్రావెల్ బైక్, అంటే కంకర, మట్టి దారుల్లో తొక్కే లావు టైర్ల సైకిలు, కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది, కార్బన్ ఫ్రేము మంచిదా, టైటానియం మంచిదా అని. ఆ వెంటనే అడిగేది, రెండింటిలో ఏది హాయిగా నడుస్తుందని. మొదటిదాని గురించి ఈ పూట మాట్లాడుకుందాం. రెండోదాన్ని మాత్రం ముందే తేల్చేసి పక్కన పెడతాను, ఎందుకంటే సగం తగువులు అక్కడే పుడుతున్నాయి.

కంకర దారిలో హాయి ఎక్కువగా టైర్ల నుంచి వస్తుంది. 45 మిల్లీమీటర్ల టైరులో గాలి కాస్త తగ్గించి రాయి మీదకు ఎక్కిస్తే అది కొన్ని మిల్లీమీటర్లు అణుగుతుంది. త్రికోణంగా బిగించిన ఫ్రేము నిలువు దిశలో అందులో చిన్న వంతు కూడా వంగదు. టైరు తర్వాత చెప్పుకోవలసింది సీటు పోస్టు, అంటే సీటును మోసే గొట్టం. 27.2 మిల్లీమీటర్ల సన్నని పోస్టు బాగా పైకి లేచి ఉంటే గతుకుల్లో అది వంగడం పక్కన నడిపేవాళ్లకు కనిపిస్తుంది. ఫ్రేము వంతు వీటన్నిటి తర్వాతే.

టైటానియం సహజంగానే మెత్తగా నడుస్తుందని ఒక నమ్మకం ఉంది. సాగే గుణంలో ఆ లోహం ఉక్కులో దాదాపు సగం బిగువే చూపిస్తుందన్న మాట నిజమే. అయితే గొట్టం బిగువు దాని వ్యాసంతో పాటు చాలా వేగంగా పెరుగుతుంది. గోడ మందం మార్చకుండా వ్యాసాన్ని రెట్టింపు చేస్తే బిగువు సుమారు 8 రెట్లవుతుంది. కాబట్టి లావు గొట్టాలు వాడిన టైటానియం ఫ్రేము మొండిగా ఉంటుంది. తెలివిగా పొరలు పరిచిన కార్బన్ ఫ్రేము దానికంటే మెత్తగానూ ఉండవచ్చు. స్వభావం లోహంలో కన్నా తయారుచేసినవాడి చేతిలోనే ఎక్కువ ఉంది. ఇంకో సంగతి. కార్బన్ అంటే భయమని టైటానియం కొన్నవాళ్ల సైకిళ్లలో చాలావాటికి ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కార్బన్‌దే. విరిగితే మొహం నేలకు తగిలే భాగాన్నే కార్బన్‌కు అప్పగించి, మిగతా ఫ్రేము గురించి బెంగపెట్టుకోవడం నాకెప్పుడూ కాస్త నవ్వు తెప్పిస్తుంది.

బరువు సంగతి త్వరగా ముగిద్దాం. ఒకే తరగతికి చెందిన రెండు ఫ్రేముల మధ్య తేడా 600 గ్రాములు అనుకుందాం. సైకిలు, మనిషి, నీళ్లు అన్నీ కలిపి 85 కిలోలు. తేడా 0.7 శాతం. గంటసేపు పట్టే నిటారు ఎక్కుడులో, అదే శ్రమతో, మీకు కలిసొచ్చేది 25 సెకన్లు. పోటీలో గెలుపోటములకు మధ్య ఉన్నవి ఆ 25 సెకన్లే అయితే కార్బన్ కొనండి, ఇక నా మాటలు వినక్కర్లేదు.

మిగిలినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఫ్రేము ఎలా నడుస్తుందో కాదు, దెబ్బ తిన్నప్పుడు ఏమవుతుందో చూసి ఎంచుకోండి.

కార్బన్ ఫ్రేము అంటే వెంట్రుక కన్నా ఎంతో సన్నని పోగులు, వాటిని పట్టి ఉంచే రెసిన్ అనే గట్టిపడిన జిగురు. పోగులు పొడవు దిశలో లాగినప్పుడు అద్భుతమైన బలం చూపిస్తాయి. అడ్డంగా వచ్చే బలాన్ని మోసేది ముఖ్యంగా రెసినే. అందుకే ఒక్కో పొరను ఒక్కో కోణంలో పరుస్తారు. మీ బరువు, పెడల్ తొక్కే ఒత్తిడి, బ్రేకు పట్టినప్పుడు వచ్చే లాగుడు ఇవన్నీ రూపకర్త ముందే లెక్కవేసినవి. సైకిళ్ల భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 4210 ప్రమాణం ప్రకారం పెడల్ ఒత్తిడిని లక్షసార్లు ప్రయోగించి ఫ్రేమును పరీక్షిస్తారు. మంచి కార్బన్ ఫ్రేముకు అది పెద్ద గండం కాదు. మామూలు తొక్కుడుకు కార్బన్ అలిసిపోతుందన్న భయం అనవసరం.

చిక్కంతా లెక్కలోకి రాని దెబ్బతోనే. ముందు చక్రం ఎగరేసిన రాయి కింది గొట్టానికి తగలడం, ఆపి ఉంచిన సైకిలు పక్కకు ఒరిగి బండ అంచు మీద పడటం, సీటు పోస్టు బిగింపును ఎవరో బలం కొద్దీ తిప్పేయడం. అప్పుడు లోపలి పొరలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. బయట రంగు మీద గోరంత మచ్చ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు, నాణెంతో గొట్టం పొడవునా తడుతూ వెళ్లండి. ఖణ్‌మనే చప్పుడు ఒకచోట హఠాత్తుగా మొద్దుబారితే అక్కడ అనుమానించాలి. రంగు మందంగా ఉన్నచోట, గొట్టం ఆకారం మారినచోట కూడా చప్పుడు మారుతుంది కనుక ఈ పరీక్షను నమ్ముకుని ధైర్యం తెచ్చుకోవద్దు. సందేహం ఉంటే అల్ట్రాసౌండ్ చేయించడమే దారి.

టైటానియం తన దెబ్బను దాచుకోదు. సొట్ట పడితే సొట్ట, గీత పడితే గీత కళ్లకు కనిపిస్తాయి. రంగు వేయని ఫ్రేము మీది గీతల్ని అరగదీసే పీచుతో ఒకే దిశలో రుద్దితే చాలావరకు మాయమవుతాయి. తుప్పు గొడవ లేదు. అయితే శాశ్వతం అన్న మాట అమ్మేవాళ్లది. టైటానియం ఫ్రేములూ పగులుతాయి, అదీ ఎక్కువగా అతుకు పక్కనే. ఈ లోహం బాగా వేడెక్కినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను పీల్చుకుని పెళుసవుతుంది. అందుకే వెల్డింగ్ చేసేటప్పుడు బయటే కాదు, గొట్టం లోపల కూడా ఆర్గాన్ వాయువు నింపాలి. అతుకు వెండి రంగులోనో, లేత గడ్డి రంగులోనో ఉంటే పని శుభ్రంగా జరిగినట్టు. నీలం, ఊదా రంగులు కనిపిస్తే అడగండి. తెల్లటి పొడిలాంటి పూత ఉంటే ఆ ఫ్రేము వద్దు. తర్వాత పాలిష్ పట్టి రంగును తుడిచేయవచ్చన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇక్కడే చాలామంది ఊహించని తిరకాసు ఉంది. మరమ్మతు విషయంలో కార్బనే నయం. చెడిన భాగాన్ని ఏటవాలుగా అరగదీసి, కొత్త పొరలు పరిచి, వేడితో గట్టిపరిచే నిపుణులు దొరుకుతారు. టైటానియం పగులును సరిగా అతికించగలవాళ్లు అంతకంటే అరుదు.

గ్రావెల్‌కే ప్రత్యేకమైన ఇబ్బందులు ఇంకో రెండున్నాయి. బురదలో వెనుక టైరుకు పట్టిన మట్టి, రాళ్లు చైన్‌స్టేలను, అంటే పెడళ్ల దగ్గర్నుంచి వెనుక చక్రం ఇరుసు దాకా వెళ్లే రెండు గొట్టాలను, గంటల తరబడి గీరుతూనే ఉంటాయి. టైటానియం మీద అది మెరుపుగా మిగులుతుంది, కార్బన్ మీద పోగుల దాకా వెళుతుంది. సంచులు కట్టే పట్టీల కింద చేరిన ఇసుక కూడా అంతే. కార్బన్ కొంటే ఆ చోట్ల మందపాటి రక్షణ ఫిల్మ్ మొదటి రోజే అతికించండి. ఏ ఫ్రేమైనా మీరు వాడబోయే అతి లావు టైరు తొడిగి, ఇరువైపులా కనీసం 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉందో లేదో కొలవండి.

కొలతలు అసాధారణంగా ఉన్నవాళ్లకు, అంటే పొడవాటి కాళ్లు, పొట్టి నడుము ఉన్నవాళ్లకు, టైటానియంలో పెద్ద వెసులుబాటు ఉంది. గొట్టాలను కోసి అతికించడమే కాబట్టి కావలసిన కొలతకు చేయించుకోవచ్చు. కార్బన్‌కు సాధారణంగా ప్రతి సైజుకూ ఖరీదైన అచ్చు కావాలి, అందుకని ఉన్న సైజుల్లోనే సర్దుకోవలసి వస్తుంది.

ఏళ్ల తరబడి ఒకే సైకిలు ఉంచుకుని, సంచులు కట్టుకుని దూరాలు తిరిగేవాళ్లకు నా ఓటు టైటానియానికే. కానీ దాని ధర కోసం చవక చక్రాలు, నాసి టైర్లతో సరిపెట్టుకోవలసి వస్తే మానేయండి. చవక టైటానియం కన్నా మంచి కార్బన్ ఎప్పుడూ మేలు.

పాత ఫ్రేము చూడటానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. ముందుగా సీటు పోస్టు బయటికి తీయమనండి. అల్యూమినియం పోస్టును గ్రీజు లేకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే, టైటానియంలోనైనా కార్బన్‌లోనైనా చెమ్మ తగిలి అది పట్టేసుకుంటుంది. దాన్ని బయటికి లాగే ప్రయత్నంలోనే ఫ్రేములు పాడవుతాయి. పోస్టు బాగానే ఉంది, తీయనక్కర్లేదని అమ్మేవాళ్లు అంటే బేరం అక్కడితో ఆపేయండి.