డొమైన్ లాక్ తీయడం: 5 నిమిషాల పనికి 60 రోజులు

నమస్తే అండీ. ఈసారి రివ్యూ ఫోన్‌దీ కాదు, ల్యాప్‌టాప్‌దీ కాదు. ఒక్క బటన్‌ది. డొమైన్ ట్రాన్స్‌ఫర్ లాక్, అంటే సైట్ పేరుని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చకుండా ఆపే తాళం.

మా వదినకి ఫోటో స్టూడియో ఉంది, దానికో డాట్‌కామ్ సైట్ ఉంది. రెన్యూవల్ రేటు ఏటికేడాది పెంచేస్తున్నారు, వేరే రిజిస్ట్రార్‌కి, అంటే డొమైన్లు అమ్మే ఇంకో కంపెనీకి, మార్చెయ్యమంది. పాతవాళ్ల పేరు చెప్పను లెండి. నేనేమో అతితెలివికి పోయి, రికార్డులో ఉన్న పాత ఈమెయిల్ ఎవరూ చూడట్లేదు కదా అని ముందు దాన్ని మార్చా. సేవ్ కొట్టా. అంతే, 60 రోజుల లాక్ పడింది!

ఓనర్ పేరు, సంస్థ పేరు, ఈమెయిల్... డాట్‌కామ్‌లాంటి వాటికి వీటిలో ఏది మార్చినా ఐకాన్ (ICANN, డొమైన్ పేర్లకి రూల్స్ పెట్టే అంతర్జాతీయ సంస్థ) రూల్ ప్రకారం ఈ 60 రోజులు పడొచ్చు. వద్దనుకుంటే మార్చకముందే టిక్ పెట్టే వీలు కొందరు ఇస్తారు. మాకూ ఇచ్చారు, పేజీ అడుగున బూడిద రంగు అక్షరాల్లో. తీరా లాక్ పడ్డాక కనిపించింది నాకు. కొత్తగా కొన్న డొమైన్‌కీ, ఈమధ్యే రిజిస్ట్రార్ మార్చినదానికీ కూడా ఇదే 60 రోజుల గడువు.

సరే, స్క్రీన్ చూడండి. ఇది ఐకాన్ లుకప్ పేజీ. డొమైన్ పేరు కొడితే స్టేటస్ దగ్గర ఏముంది? 'క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్'. అంటే మన రిజిస్ట్రార్ వేసిన లాక్, 60 రోజుల గడువు లేకపోతే వాళ్ల సైట్‌లో మన అకౌంట్ ప్యానెల్లో మనమే తీసుకోవచ్చు. అదే 'సర్వర్' అని మొదలైతే అది పైన రిజిస్ట్రీ (డాట్‌కామ్ పేర్లన్నిటి జాబితా నడిపే సంస్థ) వేసింది, మన బటన్‌కి ఊడదు. ప్యానెల్లో 'అన్‌లాక్' అని చూపించినా ఇక్కడ ఆ లైన్ పోయిందో లేదో చూసుకోండి. నేను ప్యానెల్‌ని నమ్మను.

అయినా లాక్‌ని తిట్టకండి. 1995లో సెక్స్ డాట్‌కామ్‌ని, నవ్వకండి, ఒక దొంగ ఉత్తరంతో కొట్టేశారు. అసలు ఓనర్ గ్యారీ క్రెమెన్ కోర్టుల చుట్టూ తిరిగి దాన్ని వెనక్కి తెచ్చుకునేసరికి 2000 వచ్చింది. అందుకే లాక్ ముందే తీసి పెట్టుకోకండి, మార్చే రోజే తీయండి.

తర్వాత ఆథ్ కోడ్, అంటే డొమైన్ మార్చడానికి పాతవాళ్లు ఇచ్చే పాస్‌వర్డ్ లాంటిది. అడిగాక 5 రోజుల్లోపు ఇవ్వాలని రూల్. పాతవాళ్లు మూడో రోజు మెయిల్ చేశారు. రూల్ తప్పలేదు, కానీ స్క్రీన్ మీద చూపించొచ్చుగా! కోడ్ కొత్తచోట ఇచ్చాక పాతవాళ్ల నుంచి ఒక మెయిల్ వస్తుంది. ఒప్పుకుంటున్నానని నొక్కితే త్వరగా అయిపోతుంది, ఊరుకుంటే 5 రోజులకి దానంతటదే వెళ్తుంది. మధ్యలో నేమ్‌సర్వర్లు (పేరు కొడితే సైట్ ఎక్కడుందో చెప్పే కంప్యూటర్లు) పాతవాళ్లవే అయితే ముందే వేరేచోట పెట్టుకోండి, లేకపోతే సైటూ మెయిలూ రెండూ పడుకోవచ్చు.

మార్కులు: పాతవాళ్లకి 10కి 4. కొత్తవాళ్లకి 8. కోడ్ పెట్టే గడి మొదటి పేజీలోనే ఉంది, బాగుంది. ఆ 2 ఎందుకు కోశానంటే, డొమైన్ చేరాక లాక్ వాళ్లు వెయ్యలేదు, లుకప్ పేజీలో చూసి నేనే వేశా.