25కి 10 అంటే 40 శాతం కాదు

అందరికీ నమస్కారం. ఇక్కడ జూనియర్ డాక్టర్లు ఉన్నారు, స్కాన్ బొమ్మల మీద కంప్యూటర్ మోడల్స్ తయారుచేస్తున్న విద్యార్థులు ఉన్నారు, ఈ రెండింటితోనూ సంబంధం లేకపోయినా ఇంట్లో ఎవరికో సీటీ రిపోర్ట్ వచ్చిన రాత్రి నిద్ర పట్టనివాళ్లూ ఉన్నారు. అందరి ప్రశ్నా ఒకటే. వైరల్ న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన మనిషి ఛాతీ స్కాన్ చూసి, ఈయన కోలుకుంటారా, ఐసీయూకి వెళ్తారా, బతుకుతారా అని ముందే చెప్పగలమా?

కొంతవరకు చెప్పగలం. కానీ స్కాన్ ఒక్కదానితో చెప్పలేం. జబ్బు ఎన్నో రోజు, ఆక్సిజన్ ఎంత, వయసెంత అన్నవి కలపకుండా ఒట్టి స్కోర్‌ని ఇంటివాళ్ల చేతిలో పెట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెప్తాను.

ముందు స్కోర్ సంగతి తేల్చుకుందాం. కుడి ఊపిరితిత్తిలో మూడు లోబ్‌లు, అంటే భాగాలు, ఎడమదానిలో రెండు, మొత్తం ఐదు. ఒక్కో లోబ్‌లో జబ్బు ఎంత మేర పాకిందో చూసి స్కాన్ చదివే రేడియాలజిస్టులం సున్నా నుంచి 5 వరకు మార్కులు వేస్తాం. 5 శాతం లోపు ఉంటే 1, 5 నుంచి 25 దాకా అయితే 2, అది దాటి సగం లోపు ఉంటే 3, సగం నుంచి 75 దాకా 4, ఆపైన 5. అన్నీ కూడితే గరిష్ఠంగా 25. ఇప్పుడు చూడండి, ఒకరికి ఐదు లోబ్‌లలోనూ 6 శాతం చొప్పున జబ్బు ఉంది, స్కోర్ 10. ఇంకొకరికి ఐదింటిలోనూ 25 శాతం చొప్పున ఉంది, ఆయన స్కోరూ 10. మొదటాయన ఊపిరితిత్తులు 94 శాతం బాగానే ఉన్నాయి, రెండో ఆయనకి పావు వంతు పట్టేసింది. ఇంటివాళ్లు మాత్రం 25కి 10 అంటే 40 శాతం అని లెక్కేసుకుని, ఊపిరితిత్తులు 40 శాతం పాడైపోయాయట అని బంధువులందరికీ ఫోన్లు చేస్తారు. వాళ్ల తప్పేం లేదు, అంకె అలా రాసిస్తే ఎవరైనా అలాగే చదువుతారు. పైగా కుడివైపు మధ్య లోబ్ చాలా చిన్నది, కింది లోబ్‌లు పెద్దవి, స్కోర్‌లో మాత్రం అన్నిటికీ సమానంగా 5 మార్కులే.

అలాగని స్కోర్ పనికిరాదని అనను. సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, త్వరగా వేయొచ్చు, ఎక్కువ స్కోర్ వచ్చినవాళ్లలో మరణాలూ వెంటిలేటర్ అవసరాలూ ఎక్కువని చాలాచోట్ల మళ్లీ మళ్లీ కనిపించింది. వందల మందిని కలిపి చూసినప్పుడు అది నిజమే, మంచం మీద ఉన్న ఆ ఒక్క మనిషికి వర్తింపజేసేటప్పుడే చిక్కంతా. రిపోర్టుల్లో కనిపించే ఇంకో అంకె కో-రాడ్స్, నెదర్లాండ్స్ రేడియాలజిస్టులు 2020లో తెచ్చారు. అది తీవ్రత చెప్పదు, ఈ బొమ్మ కోవిడ్‌దే అని ఎంత గట్టిగా అనుమానించవచ్చో చెప్తుంది. కో-రాడ్స్ 5 చూసి ప్రాణం మీదికి వచ్చిందని టెన్షన్ పడినవాళ్లు చాలామంది ఉంటారు, ఆ 5కీ ప్రాణాపాయానికీ నేరుగా సంబంధం లేదు.

ఇక అసలు విషయం, రోజు. వరద సమయంలో నది మట్టం ఇంత ఉంది అని చెప్తే ఒడ్డున ఉన్నవాళ్లకి సరిపోదు, పెరుగుతోందా తగ్గుతోందా అన్నది కావాలి. 2020 ఆరంభంలో వూహాన్‌లో కోలుకున్న 21 మంది పేషెంట్ల స్కాన్‌లను డాక్టర్లు వరుసగా చూశారు. వాళ్లెవరికీ జబ్బు నడిచినన్నాళ్లూ ఊపిరాడని తీవ్ర పరిస్థితి రాలేదు. అయినా లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి సుమారు 10వ రోజు దాకా స్కాన్‌లో మచ్చలు పెరుగుతూనే వచ్చాయి, రెండు వారాల తర్వాతే తగ్గడం మొదలైంది. మొదట పొగమంచు కమ్మినట్టుండే గ్రౌండ్ గ్లాస్ మచ్చలు, తర్వాత వాటి మధ్య గీతలు, ఆ తర్వాత గాలి చోటంతా నిండిపోయి గట్టిపడిన కన్సాలిడేషన్. కోలుకునేవాళ్ల స్కాన్ కూడా మధ్యలో ఇలా భయపెడుతుంది! కాబట్టి 3వ రోజున స్కోర్ 12 వచ్చిన మనిషి గురించి నేను ఎక్కువ కంగారు పడతాను, 11వ రోజున 12 వచ్చి మాట్లాడుతూ అన్నం తింటున్న మనిషి గురించి తక్కువ.

డైమండ్ ప్రిన్సెస్ ఓడ గుర్తుందా? 2020 ఫిబ్రవరిలో జపాన్ తీరంలో నిలిపేశారు. అందులో వైరస్ సోకినా ఏ లక్షణమూ లేని 76 మందికి సీటీ తీస్తే 41 మందికి ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి, అంటే 54 శాతం. మచ్చ ఉన్నంత మాత్రాన ప్రమాదం ఉన్నట్టు కాదు అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

చికిత్స కూడా చాలావరకు స్కోర్‌ని బట్టి నడవదు, నడవకూడదు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి కదా, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలను 41.4 నుంచి 29.3 శాతానికి తగ్గించింది, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో 26.2 నుంచి 23.3కి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మేలు కనిపించలేదు, అంకెలు చూస్తే చెడు వైపే మొగ్గాయి. ఆ ట్రయల్‌లో పేషెంట్లను విడదీసి చూసింది ఆక్సిజన్ అవసరాన్ని బట్టి. స్కాన్‌లో మచ్చలు చూసి, రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ 97 ఉన్న మనిషికి 4వ రోజునే స్టెరాయిడ్ మొదలుపెట్టడాన్ని సమర్థించే ఆధారం అందులో లేదు. ఇది చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరుగుతుంది, క్షమించండి, దాని వల్ల నష్టపోయేది పేషెంటే.

అయితే స్కాన్‌లో ఇంకొకటి ఉంది, దాన్ని మనం తక్కువగా వాడుకుంటున్నాం. న్యుమోనియా కోసం తీసిన ఛాతీ సీటీలో న్యుమోనియా ఒక్కటే ఉండదు. గుండె రక్తనాళాల్లో కాల్షియం పేరుకుందా, ఊపిరితిత్తులు ముందే ఎంఫిసీమాతో, అంటే గాలి గదులు పాడయ్యే జబ్బుతో, దెబ్బతిన్నాయా, గుండె నుంచి ఊపిరితిత్తులకి రక్తం తీసుకెళ్లే పల్మనరీ ఆర్టరీ వెడల్పైందా, వెన్ను పక్కన, ఛాతీ ముందు ఉండే కండరాలు కరిగిపోయి ఉన్నాయా, ఇవన్నీ ఆ బొమ్మలోనే కనిపిస్తాయి. అంటే జబ్బు ఎంత పాకిందో చెప్పడంతో పాటు, ఆ జబ్బుని తట్టుకునే శక్తి ఈ శరీరానికి ఎంత మిగిలి ఉందో కూడా స్కాన్ చెప్తోంది. కాల్షియం, కండరాల తరుగు ఉన్నవాళ్లలో ఫలితాలు బాగోలేవని కోవిడ్ పేషెంట్ల మీద జరిగిన చాలా అధ్యయనాల్లో తేలింది. మచ్చలు లెక్కపెట్టడంలో మునిగిపోయి వీటిని ఒక్క వాక్యంలోనైనా రాయకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మచ్చల్ని కాకుండా మిగిలిన మంచి ఊపిరితిత్తిని కొలవడం కూడా మంచి పద్ధతి. సీటీలో ప్రతి చుక్కకీ ఒక సాంద్రత ఉంటుంది, హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు అంటాం, నీరు సున్నా, గాలి మైనస్ 1000. మైనస్ 950 నుంచి మైనస్ 700 మధ్య ఉన్నదాన్ని గాలి బాగా ఆడుతున్న భాగంగా తీసుకుని, మొత్తంలో అది ఎంత శాతమో సాఫ్ట్‌వేర్‌తో లెక్కేస్తారు. ఇటలీ డాక్టర్లు 2020లోనే చూపించారు, ఈ భాగం తగ్గినకొద్దీ ఐసీయూ లేదా మరణం అవకాశం పెరుగుతుందని. ఒక్క జాగ్రత్త, పేషెంట్ ఊపిరి పూర్తిగా పీల్చి బిగబట్టలేకపోతే ఊపిరితిత్తి కుంచించుకుని జబ్బు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, ఆయాసపడే మనిషికి సరిగ్గా జరిగేది అదే.

ఇప్పుడు మోడల్స్ తయారుచేసేవాళ్లతో నాలుగు మాటలు. 2021లో నేచర్ మెషీన్ ఇంటెలిజెన్స్ అనే పరిశోధన పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. 2020లో వెలువడిన కోవిడ్ ఎక్స్‌రే, సీటీ మోడల్స్ పేపర్లలో నాణ్యత పరీక్ష దాటినవి 62, వాటిలో ఆసుపత్రిలో వాడదగ్గది ఒక్కటీ లేదని తేల్చారు. కొందరు కోవిడ్ లేని ఎక్స్‌రేల కింద పిల్లల ఎక్స్‌రేలు పెట్టారు, కోవిడ్ ఉన్నవేమో పెద్దవాళ్లవి, మోడల్ నేర్చుకున్నది ఎవరు పిల్లలు, ఎవరు పెద్దలు అన్నది. ఇంకొన్ని ఫిల్మ్ మూలన ఉండే ఎడమ, కుడి గుర్తుల్ని చూసి జవాబు చెప్పాయి. రోగనిర్ధారణ మోడల్స్‌కే ఇలా జరిగితే భవిష్యత్తు చెప్పే మోడల్స్‌కి ఇంకో లోతైన చిక్కుంది. ఐసీయూలో చేరడాన్ని ఫలితంగా పెట్టుకున్నారనుకోండి. పేషెంట్‌ని ఐసీయూకి పంపేది డాక్టర్, ఆ డాక్టర్ స్కాన్ చూసి బెంబేలెత్తి పంపి ఉండొచ్చు, అప్పుడు మీ మోడల్ జబ్బు గమనాన్ని కాదు, డాక్టర్ నిర్ణయాన్ని ఊహిస్తోంది, ఆ నిర్ణయం పుట్టింది మళ్లీ ఆ స్కాన్ నుంచే. మంచాలు ఖాళీ లేని వారంలో అదే మనిషి వార్డులోనే ఉండిపోతాడు. అంతేకాదు, మరీ విషమంగా ఉన్నవాళ్లని స్కాన్ గదికి కదల్చలేం, తేలికగా ఉన్నవాళ్లకి అసలు స్కాన్ తీయం, మీ డేటాలో ఉన్నది మధ్యలో మిగిలినవాళ్లు. అందుకే 30 రోజుల్లో మరణం, వెంటిలేటర్ కోసం గొంతులో ట్యూబ్ వేయాల్సి రావడం లాంటి గట్టి ఫలితాలు పెట్టుకోండి.

పద్ధతిగా చేసినవీ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో స్టోయిక్ అనే ప్రాజెక్టులో 10,735 మంది సీటీలు సేకరించారు, నెలలోపు ట్యూబ్ వేయడం లేదా మరణం అన్నదే ఫలితం. ఆ డేటా మీద పెట్టిన పోటీలో మొదట నిలిచిన మోడల్‌కి వచ్చిన ఏయూసీ 0.815. అంటే పరిస్థితి విషమించిన ఒకరినీ, విషమించని ఒకరినీ తీసుకుని జతగా చూపిస్తే, వందలో 81 సార్లు మొదటివారికే ఎక్కువ ప్రమాదం అని సరిగ్గా చెప్తుంది. బాగుంది. దాని పక్కన, ఆసుపత్రిలో చేరిన కోవిడ్ పేషెంట్ల మరణ ప్రమాదాన్ని అంచనా వేసే బ్రిటన్ వాళ్ల 4సీ స్కోర్ పెట్టి చూడండి. వయసు, ఆడా మగా, ఇతర జబ్బులు ఎన్ని, నిమిషానికి ఎన్ని శ్వాసలు, ఆక్సిజన్ సాచురేషన్, స్పృహ, రక్తంలో యూరియా, ఒంట్లో వాపుని చూపే సీఆర్పీ, ఈ ఎనిమిదే, స్కాన్ లేదు. 3 లేదా అంతకంటే తక్కువ వచ్చినవాళ్లలో మరణాలు 1 శాతం చుట్టూ, 15 లేదా అంతకంటే ఎక్కువ వస్తే 60 శాతం పైన. రెండు అధ్యయనాల జనం వేరు, ఫలితాలు వేరు కాబట్టి అంకెలు నేరుగా పోల్చలేం. కానీ మీ సీటీ మోడల్ ఈ ఎనిమిదింటికి అదనంగా ఏం ఇస్తోందో చూపించకపోతే నేను దాన్ని వార్డులోకి రానివ్వను. ఇంకొకటి, 30 శాతం ప్రమాదం అని మోడల్ చెప్తే అలాంటి వంద మందిలో నిజంగా 30 మందికి జరగాలి. 2020 మార్చి డేటాతో నేర్చిన మోడల్ స్టెరాయిడ్లు, టీకాలు, ఒమిక్రాన్ వచ్చాక ఆ మాట నిలబెట్టుకోలేదు, పాత అంకెలతో మనుషుల్ని భయపెడుతుంది.

ఇదంతా కోవిడ్‌తో మొదలైంది కూడా కాదు. 2009 హెచ్1ఎన్1 ఫ్లూలో మొదటి రోజు ఎక్స్‌రేలోనే రెండు వైపులా నాలుగు, అంతకంటే ఎక్కువ జోన్లలో మచ్చలు ఉన్నవాళ్ల పరిస్థితి విషమించే అవకాశం ఎక్కువని గమనించారు. సీటీ ప్రతిచోటా దొరకదు, రేడియేషన్ కూడా ఎక్స్‌రే కంటే చాలా రెట్లు ఎక్కువ. ఎక్స్‌రేకి కూడా స్కోర్లు ఉన్నాయి, ఇటలీలోని బ్రెషా డాక్టర్లు పెట్టిన బ్రిక్సియా స్కోర్ ఆరు జోన్లకి కలిపి 18. లక్షణాలు తేలికగా ఉండి, విషమించే ముప్పు లేనివాళ్లకి స్కాన్ అక్కర్లేదని 2020 ఏప్రిల్‌లోనే ఛాతీ స్కాన్ల నిపుణుల సంఘం ఫ్లైష్నర్ సొసైటీ వాళ్లు చెప్పారు, శ్వాస దిగజారుతున్నప్పుడు తీయమన్నారు. ఆయాసం ఉన్నట్టుండి పెరిగి, మచ్చలు మాత్రం అంతే ఉంటే ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ కట్టిందేమో అనుమానించాలి. రక్తనాళాలు స్పష్టంగా కనిపించేలా కాంట్రాస్ట్ మందు ఇచ్చి తీసే సీటీ యాంజియో అప్పుడు కావాలి, దానివల్ల చికిత్స మారుతుంది.

జూనియర్ డాక్టర్లకి ఒక పని చెప్తాను, ఈరోజు నుంచే చేయొచ్చు. స్కాన్ రిక్వెస్ట్ ఫారం మీద "న్యుమోనియా?" అని ఒక్క ముక్క రాసి పంపకండి. లక్షణాలు మొదలైన తేదీ రాయండి, ఆక్సిజన్ లేకుండా సాచురేషన్ ఎంతో, ఇస్తుంటే ఎన్ని లీటర్లో రాయండి, పాత స్కాన్ ఉంటే జత చేయండి. అప్పుడు మేము "స్కోర్ 12" అని వదిలేయకుండా, 6వ రోజు, రెండు ఊపిరితిత్తుల్లో సుమారు 30 శాతం మేర జబ్బు, మూడు రోజుల కిందటి స్కాన్ కంటే పెరిగింది, గుండె రక్తనాళాల్లో కాల్షియం ఎక్కువ, దగ్గరగా గమనించండి అని రాయగలుగుతాం. తేదీ లేని ఫారం వస్తే నేను వార్డుకి ఫోన్ చేసి అడుగుతాను, మీరూ ఆ ఫోన్ ఎత్తండి.