నావూ నగరంలో బహుభార్యాత్వం: ఒక విశ్వాసి చెప్పుకోవలసిన మాట

సహోదరులారా, సహోదరీలారా, మా సంఘానికి చెందకపోయినా ఈ మాట వినడానికి వచ్చిన మిత్రులారా,

మన తెలుగు ప్రాంతంలో కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో చేరిన వారెవరికైనా, బంధువుల ఇంటి పెళ్లిలోనో ఆఫీసులో భోజనాల దగ్గరో, ఒక ప్రశ్న తప్పదు: "మీ మోర్మన్లలో ఒక్కొక్కరికి అంతమంది భార్యలట, నిజమేనా?" ఇప్పుడు అలాంటిది లేదండీ, ఎవరైనా చేస్తే వారికి సంఘంలో చోటే ఉండదు అని చెప్పి మాట దాటవేయడం తేలిక. నేనూ చాలా ఏళ్లు అదే చెప్పాను. అది అబద్ధం కాదు కానీ, అడిగినదానిలో సగానికే జవాబు. మిగిలిన సగం కోసం అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున మా పూర్వ విశ్వాసులు కట్టుకున్న నావూ పట్టణానికి వెళ్లాలి.

1843 జులై 12న, ఆ పట్టణంలో ఇటుకలతో కట్టిన దుకాణం మేడమీది గదిలో, మా సంఘాన్ని స్థాపించిన ప్రవక్త జోసెఫ్ స్మిత్ బహుభార్యాత్వాన్ని గురించిన దైవప్రకటనను ఒక్కొక్క వాక్యమే చెబుతూ ఉంటే, ఆయన లేఖకుడు విలియం క్లేటన్ రాసుకుంటూ కూర్చున్నాడు. రాయడం పూర్తయ్యేసరికి పది పుటలైందని క్లేటన్ తరవాత చెప్పాడు. అది రాయించమని కోరినవాడు జోసెఫ్ అన్నగారు హైరమ్. ఆ కాగితాలు తన చేతికిస్తే మరదలు, అంటే జోసెఫ్ భార్య ఎమ్మాకు చదివి వినిపించి ఒప్పిస్తానన్నాడు. ఎమ్మా సంగతి నాకు తెలిసినంతగా నీకు తెలియదని జోసెఫ్ నవ్వాడు. హైరమ్ వెళ్లాడు, తిరిగి వచ్చాడు, జీవితంలో ఎన్నడూ ఎవరి చేతా అన్ని మాటలు పడలేదన్నాడు. ఆ మొదటి ప్రతి ఈనాడు లేదు. జోసెఫ్ కింగ్స్‌బరీ రాసిపెట్టిన నకలు మిగిలింది కాబట్టి, మా లేఖనాలలో ఒకటైన సిద్ధాంతము మరియు నిబంధనలు గ్రంథంలో 132వ ప్రకరణంగా మనం దాన్ని చదువుతున్నాం.

ప్రవక్త భార్యే ఈ బోధను తోసిపుచ్చిందన్న సంగతిని మనకు చెప్పినవాడు విరోధి కాడు, స్వయంగా ప్రవక్త లేఖకుడు. దాచిపెట్టడం మన పని కాదని నేను అనడానికి మొదటి కారణం ఇదే.

దాచకుండా చెప్పవలసినది ఇంకా ఉంది. జోసెఫ్ స్మిత్‌తో వివాహబంధంలోకి వచ్చిన స్త్రీల సంఖ్య, జాగ్రత్తగా వేసిన అంచనాల ప్రకారం, 30 నుంచి 40 వరకు ఉంటుందని సంఘమే 2014లో ప్రకటించిన వ్యాసంలో చెప్పింది. వారిలో కొందరికి అప్పటికే భర్తలున్నారు. అందరి సంగతీ ఎమ్మాకు తెలిసి ఉండకపోవచ్చు. వారిలో ఒకరైన హెలెన్ మార్ కింబల్‌కు అప్పుడు పదిహేనో ఏడు నిండటానికి ఇంకా కొన్ని నెలలుంది. ఈ బంధాలలో కొన్ని ఇహజీవితానికి కాక నిత్యత్వానికి మాత్రమే ఉద్దేశించినవి. హెలెన్ కూడా తన బంధం అలాంటిదేనని అర్థం వచ్చేలా చెప్పుకుంది, పెద్దయ్యాక బహుభార్యాత్వాన్ని సమర్థిస్తూ రచనలు చేసింది. అదంతా చదివాను, అయినా ఆ వయసు దగ్గరికి వచ్చేసరికి నా మనసు ఆగిపోతుంది. ఆ కాలపు చట్టం, ఆచారం అనే వివరణలు నాకు తెలుసు. వాటితో నా బాధ తీరలేదు, తీరినట్టు మీ ముందు నటించలేను.

మరి ఎలా నమ్ముతున్నావని మీరు అడగవచ్చు. మా మరో లేఖనమైన మోర్మన్ గ్రంథంలో జేకబ్ పుస్తకం రెండవ అధ్యాయం పురుషుడికి ఒక్క భార్యే ఉండాలని ఆజ్ఞాపిస్తుంది, ప్రభువు తన కోసం సంతానాన్ని లేపదలచినప్పుడు వేరుగా ఆజ్ఞాపిస్తాడనీ అంటుంది. అదే చోట భర్తల వల్ల గాయపడిన స్త్రీల రోదన దేవుడు విన్నాడనీ ఉంది. 132వ ప్రకరణం అబ్రాహామును, ఆయన భార్య శారాను, శారా ఆయనకు మరో భార్యగా ఇచ్చిన హాగరును గుర్తు చేస్తుంది. బైబిల్లో ఆదికాండం చదివిన వారికి హాగరు పేరు వినగానే తిత్తిలో నీళ్లు అయిపోయి, బిడ్డను పొద కింద పడుకోబెట్టి, వాడి చావు చూడలేనని దూరంగా కూర్చుని ఏడ్చిన బేయేర్షెబా అరణ్యం కళ్లముందుకు వస్తుంది. లేఖనం అబ్రాహామును విశ్వాసులకు తండ్రి అంటుంది, ఆ ఏడుపునూ తుడిచివేయదు. జోసెఫ్ దేవుని చేత పిలువబడ్డాడని నేను నమ్ముతున్నాను. ఆ పిలుపు వల్ల ఆయన ప్రతి నిర్ణయమూ నొప్పి లేనిదైపోయిందని నేను నమ్మనక్కరలేదు.

1852లో, విశ్వాసులు నావూ విడిచి తరలివెళ్లిన యూటాలోని సాల్ట్ లేక్ నగరంలో, సంఘ అపొస్తలుడు ఆర్సన్ ప్రాట్ ఈ బోధను బహిరంగంగా ప్రకటించాక జరిగినది చాలామందికి తెలిసిన చరిత్రే కనుక క్లుప్తంగా చెబుతాను. అమెరికా కాంగ్రెసు 1862లో, 1882లో, 1887లో బహుభార్యాత్వానికి వ్యతిరేకంగా ఒకదాని మీద ఒకటి చట్టాలు చేసింది. వెయ్యికి పైగా పురుషులు జైలుకు వెళ్లారు. 1890లో సంఘాధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ ప్రకటనతో కొత్త బహుభార్యా వివాహాలు ఆగడం మొదలై, 1904లో అప్పటి అధ్యక్షుడు, హైరమ్ కొడుకు జోసెఫ్ ఎఫ్. స్మిత్ రెండవ ప్రకటనతో ఆ తలుపు మూసుకుంది. ఈ కథలో స్త్రీలను నోరు లేనివారిగా చూడటం మాత్రం నాకు సమ్మతం కాదు. మన భాషలో సవతి అన్న మాటలోనే పోరు ఉంది. వారు ఒకరినొకరు తోబుట్టువుల వరసలో పిలుచుకున్నారు, ఆ వరస కొన్ని ఇళ్లలో నిజమైంది, కొన్ని ఇళ్లలో కాలేదు. వైద్యురాలు మార్తా హ్యూస్ కానన్ అయిదుగురు తోడి భార్యలున్న ఇంటి కోడలు. భర్త మీద సాక్ష్యం చెప్పవలసి రాకుండా చంటిబిడ్డతో ఇంగ్లండుకు వెళ్లిపోయింది. ఆమే 1896లో, తన భర్త కూడా అభ్యర్థిగా నిలిచిన ఎన్నికలో, యూటా సెనేటుకు గెలిచింది.

ఎమ్మా యూటాకు వెళ్లలేదు, నావూలోనే ఉండిపోయింది. 1879లో, చనిపోవడానికి కొద్ది నెలల ముందు, కొడుకు అడిగిన ప్రశ్నలకు జవాబులిచ్చింది. మోర్మన్ గ్రంథం దేవుని వలన కలిగినదేనని, భర్త దాన్ని చెబుతుంటే తానూ కొంత రాశానని చెప్పింది. అదే సంభాషణలో, తన భర్తకు తాను తప్ప వేరే భార్య లేదనీ చెప్పింది. మొదటి సాక్ష్యాన్ని నేను ఎన్నోసార్లు సంతోషంగా ఎత్తి చెప్పాను. రెండవది క్లేటన్ రాతతో గాని, మిగతా స్త్రీల మాటలతో గాని పొసగదు. అయినా అది కూడా ఆమె మాటే గనుక, ఇక నుంచి ఆ రెంటినీ కలిపే చెబుతాను.