మేక, మేకు, మధ్యలో ఇంగ్లిష్

(హనుమకొండలోని ఒక పాఠశాలలో, కాళోజీ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, హెడ్‌మాస్టర్ గారికి, వేదిక మీది పెద్దలకు, పొద్దుటి నుంచి కుర్చీలు మోసి అలసిపోయిన తొమ్మిదో తరగతి పిల్లలకు నమస్కారం. ఎవరినైనా మరిచిపోతే మన్నించాలి. ఈ మైకు ముందు నిలబడితే సగం పేర్లు మరుపుకొస్తాయి.

ఇవాళ సెప్టెంబర్ 9, తెలంగాణ భాషా దినోత్సవం. దీనికి రిటైరైన ఇంగ్లిష్ సారును పిలవడమేంటని మా ఇంట్లోనే నవ్వారు. కాళోజీ గురించి నాలుగు పేజీలు రాసుకొచ్చాను. అవి జేబులోనే ఉండనీయండి. ఇందాక ఏడో తరగతి పాప స్వాగతం చదువుతూ ‘గ్రేట్ పొయెట్’ అనాల్సిన చోట ‘గ్రీట్ పొయెట్’ అంది. వెనక వరుసలు గొల్లుమన్నాయి. వేదిక మీద కూడా ఇద్దరు నవ్వారు. పేర్లు చెప్పను, నాకు శాలువా కప్పింది వాళ్ళే.

ఆ నవ్వు నాకు పాత పరిచయం. ఉద్యోగం లేని రోజుల్లో హైదరాబాదులో ఒక పెద్ద కాలేజీ ఇంటర్వ్యూకి పిలిచింది. తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కాను. అమ్మ కట్టిచ్చిన సర్వపిండి రైల్లోనే తిన్నాను. లోపల ముగ్గురు కూర్చున్నారు. ఒకాయన మర్యాదకే అడిగాడు, తిని వచ్చావా అని. ‘బ్రేక్‌ఫాస్ట్ అయింది సార్’ అన్నాను. ఆయన పక్కాయన వైపు చూశాడు. పక్కాయన ‘బ్రెక్‌ఫస్ట్’ అని నెమ్మదిగా, నాకు వినపడేలా అని నవ్వాడు. ఆ తర్వాత వాళ్ళు ఏమడిగారో, నేనేం చెప్పానో గుర్తు లేదు. చెవుల్లో ఆ ఒక్క మాటే. సాయంత్రం ఇంటికొస్తే అమ్మ, ‘ఏమన్నరు బిడ్డా?’ అంది. సర్వపిండి బాగుందన్నారని చెప్పాను.

ఎందుకు చెబుతున్నానంటే, బ్రేక్ అని రాసిందాన్ని బ్రేక్ అని చదవడం నేరమా? విడిగా ఉంటే బ్రేక్, ఫాస్ట్ పక్కన చేరగానే బ్రెక్. ఈ, ఏ (ea) అనే ఆ రెండు ఇంగ్లిష్ అక్షరాల జంటనే చూడండి. సీట్‌లో, టీచర్‌లో, లీడర్‌లో ‘ఈ’. బ్రెడ్‌లో ‘ఎ’. గ్రేట్‌లో ‘ఏ’. హార్ట్‌లో ‘ఆ’. ఒకే వేషం, నాలుగు గొంతులు. మన దగ్గర రెండు అచ్చులు ఎదురుపడి సంధి కుదరకపోతే యడాగమం వచ్చి మధ్యన కూర్చుంటుంది; మా అమ్మ మాయమ్మ అవుతుంది. ఇంగ్లిష్ అచ్చులకు అలాంటి పెద్దమనిషి లేడు.

నేనూ తప్పు చేశాను, ఒప్పుకుంటాను. రెండు అచ్చులు పక్కపక్కన నడిస్తే మొదటిదే మాట్లాడుతుంది, రెండోది మూగది అని ఏళ్ళ తరబడి పిల్లల చేత వల్లె వేయించాను. బోట్, రెయిన్ దాకా బాగానే నడిచేది. బ్లడ్ దగ్గర, షూ దగ్గర పిల్లలు నా మొహం చూసేవాళ్ళు. అమెరికాలో థియోడర్ క్లైమర్ అనే ఆయన 1963లో చిన్న తరగతుల వాచకాల్లోని మాటలతో సరిచూస్తే, ఆ సూత్రం నూటికి 45 చోట్లే నిలబడింది. పిల్లవాడికైతే 45 పాసు మార్కులే.

ఇప్పుడు మీరంతా ఒకసారి ‘మేక’ అనండి. గట్టిగా! ఇప్పుడు ‘మేకు’ అనండి. నోరు ఎక్కడ ఎక్కువ తెరుచుకుంది? మేకలో కదా! రెండింటికీ ఒకే ఏత్వం రాస్తాం, పలుకు మాత్రం వేరు. దీనికి ఇంతవరకు ఎవరూ ఎవరినీ చూసి నవ్వలేదు.

ఇంగ్లిష్‌లోనూ ఒకప్పుడు ఈ రెండు పలుకులూ ఉండేవి. కలుసుకోవడం అనే మీట్‌లో మేకు ఏత్వం, మాంసం అనే మీట్‌లో మేక ఏత్వం. అందుకే ఒకదానికి రెండు ఈలు (meet), ఇంకోదానికి ఈ పక్కన ఏ (meat) అని స్పెల్లింగులు వేరయ్యాయి. కాక్స్‌టన్ అనే ఆయన ఇంగ్లండ్‌లో మొదటి అచ్చు యంత్రం లండన్ పక్కన వెస్ట్‌మినిస్టర్‌లో పెట్టింది 1476లో. అచ్చుతో స్పెల్లింగులు మెల్లగా గట్టిపడుతూ వచ్చాయి, నోళ్ళు మాత్రం ఆగలేదు. సుమారు 1400 నుంచి 1700 దాకా దీర్ఘాచ్చులన్నీ ఇళ్ళు మారాయి. మేకు ముందు ‘ఈ’ దగ్గరికి ఎక్కింది. మేక మొదట మేకు స్థానానికి, తర్వాత అదీ ‘ఈ’ దగ్గరికి చేరింది. చివరికి రెండు మీట్‌లూ ఒకటే పలుకు. గ్రేట్, బ్రేక్, స్టేక్ లాంటి కొన్ని మాత్రం దారి మధ్యలోనే దిగిపోయాయి. బ్రెడ్, హెడ్ అంతకుముందే కురచైపోయాయి.

అంటే ఆ పాప ఏం చేసింది? తోటి మాటల్లో చాలావరకు చేరిన చోటికి గ్రేట్‌ను కూడా తీసుకెళ్ళింది. దారిలో దిగిపోయింది ఆ మాట, పాప కాదు. జనం నోట్లోని మాటకు గౌరవం ఇవ్వాలని జీవితమంతా కొట్లాడిన కాళోజీ పుట్టినరోజున ఆ పిల్లను చూసి నవ్వామా?

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, నేనూ చూశాను. ఒక్క నిమిషం. ఆ పాప ఎక్కడుంది? స్తంభం వెనకా? రా బిడ్డా, ఆ కాగితం పట్టుకుని రా. గ్రేట్ అంటావో గ్రీట్ అంటావో నీ ఇష్టం, మొత్తం మళ్ళీ చదువు. వెనక వరుసలవాళ్ళూ, ఆమె మైకు దగ్గరికి వచ్చేలోపు మీరు లేచి నిలబడి మేక, మేకు అనండి. వేదిక మీద నవ్విన ఇద్దరు కూడా.