జూడోలో ముందు నేర్పేది పడటం

[తెర మీద: తెల్లటి జూడో దుస్తుల్లో ఒక అమ్మాయి వెల్లకిలా పడుతుంది. రెండు అరచేతులూ ఒకేసారి చాపను చరుస్తాయి. టప్పుమని చప్పుడు.]

జూడో క్లాసులో చేరితే మొదట్లో మీకు ఎక్కువగా వినిపించేది ఈ చప్పుడే. ఎవరినీ ఎత్తి పడేయనివ్వరు. ముందు పడటం నేర్పుతారు. దీన్ని ఉకెమి అంటారు. విసుగొచ్చి ఇక్కడే మానేసేవాళ్లు ఉంటారు. దయచేసి మానకండి. మన మీద ఎవరో దాడి చేసే రోజు అసలు రాకపోవచ్చు. బాత్రూంలో కాలు జారడం, బండి స్కిడ్ అవ్వడం ఎవరికైనా జరుగుతుంది.

[అదే దృశ్యం, స్లో మోషన్‌లో, పక్క నుంచి.]

గడ్డం ఛాతీకి ఆనించి, చూపు తన బెల్టు మీద పెట్టింది. అందుకే తల నేలకు తగల్లేదు. వీపు గుండ్రంగా వంచి, పిరుదుల నుంచి భుజాల దాకా దొర్లింది. చేతులు ఒంటికి కాస్త ఎడంగా ఉన్నాయి, ఊపిరి బయటికి వదిలేసింది. ముఖ్యంగా చూడాల్సింది, చెయ్యి వెనక్కి పెట్టి ఆపుకోలేదు. మనం జారితే చేసేది ఆ పనే, మణికట్టు విరిగేదీ అక్కడే. సిమెంటు నేల మీద ఇలా చరచక్కర్లేదు. తలను కాపాడుకోవడం, చెయ్యి ఊతం పెట్టకపోవడం అలవాటైతే చాలా దెబ్బలు తప్పుతాయి.

[కానో జిగోరో పాత ఫొటో.]

జూడోకు రూపమిచ్చింది కానో జిగోరో. 1860లో పుట్టారు. చిన్నప్పుడు బక్కపలచగా ఉండేవారు, బలమైన పిల్లలు ఏడిపించేవారు. పట్టుబట్టి జుజుత్సు అనే పాత జపాన్ యుద్ధవిద్య నేర్చుకున్నారు. 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో, 12 చాపలు పట్టే చోట, కోడోకన్ అనే తన జూడో పాఠశాల మొదలుపెట్టారు.

జుజుత్సులో గుద్దులు, తన్నులు, కీళ్లు విరిచే పట్లు ఉండేవి. పూర్తి బలంతో సాధన చేస్తే తోటివాడు మంచాన పడతాడు. కానో వాటిలో బాగా ప్రమాదకరమైనవాటిని కతా అనే నిర్ణీత వరసలకే ఉంచి, మిగతావాటితో నిజంగా తలపడే సాధనకు పెద్దపీట వేశారు. దాని పేరు రందోరి. నాకు జూడో మీద గురి కుదిరింది ఇందుకే. రందోరిలో ఎదుటివాడు ఊరికే నిలబడడు. లాగుతాడు, తోస్తాడు, జారిపోతాడు. అలాంటివాడి మీద పనిచేసిన పట్టు మాత్రమే టెన్షన్‌లో కూడా చేతికొస్తుంది.

[ఇద్దరు ఎదురెదురుగా. ఒసోతో గారి, అంటే కాలు ఊడ్చి వెనక్కి పడేసే పట్టు, మెల్లగా.]

ఒక చెయ్యి కాలరు దగ్గర, ఇంకో చెయ్యి మోచేతి దగ్గర. కాలితో కొట్టకముందే ఏం చేశాడో గమనించండి. ఎదుటివాడి బరువంతా వెనక్కి, కుడి మడమ మీదికి పడేలా వంచాడు. ఇక ఆ కాలు కదల్లేదు. అప్పుడు దాన్ని వెనక నుంచి ఊడ్చేశాడు. బరువు తప్పించకుండా కాలు మాత్రమే వేస్తే ఎంత బలమున్నా పడరు.

మన దేశానికి ఈ విద్య కొత్తదేమీ కాదు. 1929లోనే రవీంద్రనాథ్ ఠాగూర్ జపాన్ నుంచి జూడో గురువు తకగాకి షింజోను శాంతినికేతన్‌కు రప్పించారు.

[చెమటలు కారుతున్న ముఖాలు.]

ఫిట్‌నెస్ సంగతా? ఒలింపిక్స్‌లో ఒక పోటీ 4 నిమిషాలు. అంతసేపు రందోరి చేసి చూడండి, వేళ్ల నుంచి తొడల దాకా తెలుస్తుంది. మెడ, మోకాలు, నడుము సమస్యలుంటే ముందు డాక్టరును అడగండి.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. రందోరిలో గుద్దులు ఉండవు కాబట్టి గుద్దులు కాచుకోవడం జూడోతో పెద్దగా రాదు. కత్తి తీసినవాడి ముందు ఏ విద్య వచ్చినా, దారి ఉంటే పరుగెత్తడమే మేలు.

[ఒక క్లాసు లోపలి దృశ్యం.]

చేరేముందు ఒక క్లాసు కూర్చుని చూడండి. చాపలు గట్టిగా, సందుల్లేకుండా ఉన్నాయా? కొత్తవాళ్లకు ఉకెమి నేర్పుతున్నారా? ఓటమి ఒప్పుకుని చేత్తో తట్టగానే అవతలివాళ్లు వెంటనే పట్టు వదులుతున్నారా? వదలకపోతే అక్కడ చేరకండి. అన్నీ బాగుంటే గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలూ గొలుసులూ ఇంట్లో పెట్టి వెళ్లండి.