గుండె ఆగిపోవడం కారణం కాదు

[తెర మీద: బెంగళూరు మారతహళ్లి, తెల్లవారుజాము. పీజీ గదిలో ఫోన్ మోగుతోంది.]

"పెదనాన్న పోయాడురా. గుండె ఆగిపోయిందంట."

మదనపల్లె దగ్గర మా ఊరి నుంచి నాకు ఈ ఫోన్ వచ్చి ఏడాది దాటింది. బస్సులో కూర్చున్నంతసేపూ ఒకటే ఆలోచన. పోయిన ప్రతి మనిషికీ చివరికి గుండె ఆగుతుంది కదా, మరి ఆయన దేనివల్ల పోయినట్టు?

[తెర మీద: మరణ కారణం రాసే ఫారం. వేలు పై వరస నుంచి కిందికి దిగుతుంది.]

డాక్టర్లు నింపే ఈ ఫారం చూడండి. పై వరసలో చివరి ఘడియల్లో ఏం జరిగిందో రాస్తారు. దాని కింద, అది దేనివల్ల వచ్చిందో. ఇంకా కింద, అసలు మూలం. పెదనాన్న కాగితంలో పైన రక్తంలో ఇన్ఫెక్షన్, దాని కింద కాలి పుండు, అట్టడుగున షుగర్, 18 ఏళ్లుగా. లెక్కలోకి వెళ్లేది ఈ అట్టడుగు వరసే. ఆ పుండుకి పసరు కట్టుకుని నాలుగు నెలలు పొలానికి తిరిగాడాయన. చెప్తుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

[తెర మీద: ప్రపంచ పటం]

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో సుమారు 6 కోట్ల 80 లక్షల మంది చనిపోయారు. గుండె రక్తనాళాలు పూడుకుపోయే జబ్బుకి 91 లక్షలు, కోవిడ్‌కి 88 లక్షలు. అయితే ఈ వరస అన్ని చోట్లా ఒకటి కాదు. పేద దేశాల్లో న్యుమోనియా, మలేరియా, టీబీ, పురిటిలో పసిబిడ్డల చావులు ముందుంటాయి. డబ్బున్న దేశాల్లో ముసలితనపు మతిమరుపు జబ్బులు పైకొచ్చాయి. అక్కడ ఎక్కువమంది ఆ వయసు దాకా బతుకుతున్నారు మరి.

మన దేశంలో చావుల్లో గుండెజబ్బు, షుగర్, క్యాన్సర్ లాంటి అంటుకోని జబ్బుల వాటా 1990లో 38 శాతం. 2016కల్లా 62 శాతం. పైగా మనకి ముందే వస్తాయి. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో తొలి గుండెపోటు వయసు దక్షిణాసియా వాళ్లకి సగటున 53. మిగతావాళ్లకి దాదాపు 59.

[తెర మీద: రాత్రి, వేరుశనగ చేను, టార్చిలైటు వెలుగు]

నా గదిలో అనంతపురం కుర్రాడున్నాడు. వయసు 24. రోజూ బైక్ మీద రింగ్ రోడ్డెక్కుతాడు. ప్రపంచంలో 5 నుంచి 29 ఏళ్ల వాళ్లని అన్నిటికన్నా ఎక్కువగా పొట్టన పెట్టుకునేది రోడ్డు ప్రమాదాలే. వాళ్ల నాన్న ఊళ్లో రాత్రి కరెంటొచ్చాక మోటారు వేయడానికి చేలోకి వెళ్తాడు. ఆయనకున్న ప్రమాదం పాము. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుకి ఏటా సగటున 58,000 మంది పోయారు. ఎక్కువ మంది పల్లెల్లోనే, అదీ వానాకాలంలో. ఒకే ఇంట్లో తండ్రికో భయం, కొడుక్కో భయం.

[తెర మీద: అరుగు మీద కూర్చున్న కుటుంబం, ఎదురుగా నోట్‌బుక్‌తో ఒక మనిషి]

ఇళ్లలో పోయినవాళ్ల సంగతి ఎలా తెలుస్తుంది? 2020లో నమోదైన చావుల్లో డాక్టర్ కారణం రాసినవి నాలుగో వంతు కూడా లేవు. అందుకే శిక్షణ పొందినవాళ్లు ఇంటికొచ్చి జ్వరమెన్నాళ్లు, ఆయాసముందా అని అడిగి రాసుకుంటారు. ఇద్దరు డాక్టర్లు దాన్ని విడివిడిగా చదివి కారణం తేలుస్తారు. పాముకాటు లెక్క బయటపడింది ఇలాగే.

2023 అక్టోబర్ నుంచి ఆసుపత్రిలో పోతే ఆ కారణ పత్రం దగ్గరి బంధువుకి ఇవ్వాలని చట్టం. అడిగి తీసుకోండి, అట్టడుగు వరస చదవండి. పెదనాన్నది చదివిన వారానికి మా నాన్న పరగడుపున షుగర్ చూపించుకున్నాడు. 190 వచ్చింది.